రష్యాకు వెళ్లిన పడమటివారు, నల్గొండకు వచ్చిన సువార్త, బళేపేటలోని మనము



ఈసారి పాఠము వలసను గూర్చినది. ఈ పత్రిక చదువువారందరు ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక జిల్లా విడిచి వచ్చినవారే, లేదా అట్లు వచ్చినవారి బిడ్డలు, మనుమలు. వలస అనగానే పల్లె నుండి పట్టణమునకు, పేద దేశము నుండి ధనిక దేశమునకు, తూర్పు నుండి పడమటికి పోవుట అని మనము తలంచుచుందుము. అయితే ఎదురు దిక్కున నడిచినవారు కూడ ఉన్నారు. పడమటి దేశముల నుండి రష్యాకు పోయి, అక్కడ నూరేండ్లకు పైగా కాపురముండిన విశ్వాసులు ఉన్నారు. వారి కథ మనకెందుకని కొందరు అడుగవచ్చును. ఆ విశ్వాసులు పంపిన దంపతులే నల్గొండలో నివసించి సువార్త పని ప్రారంభించినవారు. కాబట్టి ఇది పరాయివారి కథ కాదు. మన సంఘముల పెద్దల పుట్టుపూర్వోత్తరములలో ఒక భాగము.

పాఠమునకు ముందు యిర్మీయా గ్రంథము 29వ అధ్యాయపు మొదటి భాగమును ఇంటిలో అందరు కలిసి చదువుకొనండి. పరదేశములో ఉన్నవారికి ప్రవక్త వ్రాసిన ఉత్తరము అక్కడ ఉన్నది. తాముండు పట్టణపు మేలు కోరుమని ఆయన వారికి చెప్పుచున్నాడు. ఆ మాటను మనస్సులో ఉంచుకొని ఈ చరిత్రను చూతము.

1. రాణిగారి పిలుపు

1763లో రష్యా రాణి కేథరిన్ ఒక ప్రకటన వెలువరించింది. ఆమె కూడ జర్మనీ నుండి రష్యాకు కోడలుగా వచ్చిన స్త్రీయే. మా దేశములో భూములు బీడుగా పడియున్నవి, వచ్చి సేద్యము చేసికొనండని ఆమె పరదేశులను పిలిచింది. ఆ ప్రకటనలో వాగ్దానములు చాల ఉన్నవి. ఎవరి మతమును వారు ఆచరించుకొనవచ్చును. బీడు భూములలో స్థిరపడినవారికి 30 సంవత్సరములు పన్ను లేదు. ఇల్లు కట్టుకొనుటకు, పశువులు కొనుటకు వడ్డీలేని అప్పు ఇత్తురు. సైన్యములో బలవంతపు సేవ ఉండదు. గ్రామ పరిపాలన వారి చేతిలోనే ఉండును. వీటితోపాటు ఒక నిషేధము కూడ ఉన్నది. రష్యా ఆర్తొడాక్సు సంఘమునకు చెందినవారిని తమ విశ్వాసములోనికి త్రిప్పరాదు. చదువరులు ఈ నిషేధమును గుర్తుంచుకొనవలెను. తరువాత జరిగిన వాటిలో చాల సంగతులకు ఇదే మూలము.

ఆ పిలుపు విని 1764 మొదలుకొని మూడు నాలుగేండ్లలో సుమారు 30 వేలమంది, ఎక్కువగా జర్మనులు, వోల్గా నది తీరమునకు పోయి నూటికి పైగా గ్రామములు కట్టుకొన్నారు. ఇరవై ఏండ్ల తరువాత మెన్నోనైట్లు బయలుదేరారు. వీరు 16వ శతాబ్దములో హాలెండు దేశపు మెన్నో సైమన్సు బోధను అనుసరించినవారు. విశ్వసించిన పెద్దవారికే బాప్తిస్మము ఇత్తురు, కత్తి పట్టరు, ఒట్టు పెట్టుకొనరు. హింసలు తప్పించుకొని డాంజిగు పట్టణము దగ్గరి పల్లపు నేలలకు చేరి, నీరు తోడివేసి, ఆ నేలలను పంట భూములుగా చేసికొన్నారు. అయితే సైన్యములో చేరరు గనుక ప్రష్యా ప్రభుత్వము వారిమీద ప్రత్యేకపు పన్ను వేసింది, క్రొత్త భూములు కొనుటకు అడ్డుపడింది. బిడ్డలు పెరుగుచున్నారు, భూమి పెరుగుటలేదు. సరిగా ఆ సమయమున, 1786లో, రష్యా మంత్రి పొటెంకిన్ పంపిన మనుష్యుడు డాంజిగుకు వచ్చాడు.

వారు తొందరపడక మొదట ఇద్దరు ప్రతినిధులను పంపి భూమి చూపించుకొన్నారు. వారి పేర్లు యాకోబు హొప్నర్, యోహాను బార్ట్ష్. ఆ ఇద్దరు నీపర్ నది దిగువన బెరిస్లావ్ దగ్గర మంచి నేల చూచి, కోరికలన్నియు వ్రాయించి, ప్రభుత్వపు సమ్మతి తీసికొని తిరిగివచ్చారు.

2. చూచినది ఒకటి, దొరికినది మరియొకటి

1788లో 228 కుటుంబములు బయలుదేరినవి. చలికాలము దారిలో గడిపి, మరుసటి సంవత్సరము నీపర్ నది మీదుగా దిగివచ్చారు. అప్పటికి టర్కీ దేశముతో యుద్ధము జరుగుచున్నది. మీరు చూచిన భూమి అపాయకరమైనది, ఇక్కడ దిగండని వారికి చోర్తిత్సా అను చోటును చూపారు. ఇది నేటి యుక్రెయిన్ దేశములోని జపోరిజియా నగరములో కలిసియున్న ప్రాంతము. బల్లపరుపుగా ఉండు డాంజిగు నేలకు అలవాటుపడిన రైతులకు ఇక్కడ కనబడినవి గుట్టలు, లోయలు, ఎండిన గడ్డి. ఇస్తామన్న అప్పు ఒక్కసారిగా రాలేదు, కొంచెము కొంచెముగా ఆలస్యముగా వచ్చింది. ఇండ్లకు ఇవ్వవలసిన కలప దారిలోనే చాల దొంగిలింపబడింది. మొదటి చలికాలము పలువురు మట్టి గుంటలలో, గుడారములలో గడిపారు.

ఇంకొక కొరత మన సంఘములకు బాగుగా అర్థమగును. వారితోకూడ అభిషేకము పొందిన బోధకుడు ఒక్కడు కూడ లేడు. బాప్తిస్మము ఇచ్చువారు లేరు, ప్రభురాత్రి భోజనము ఇచ్చువారు లేరు. పేర్లు వ్రాసి పాత ఊరి సంఘమునకు ఉత్తరము పంపగా, అక్కడి పెద్దలు ఉత్తరము ద్వారానే బోధకులను ఏర్పరచారు. పాస్టరుగారు లేని మన మొదటి కూటములను, ఊరి నుండి ఎవరైన వచ్చుదాక ఆగిన బాప్తిస్మములను జ్ఞాపకమున్నవారు మనలో ఇంకను ఉన్నారు.

కష్టము వచ్చినప్పుడు కోపము ఎవరిమీదికి పోయిందో చూడండి. మోసము రాజ్యాధికారులది. జనుల నింద మాత్రము భూమి చూచి వచ్చిన ఇద్దరు సహోదరులమీద పడింది. బార్ట్ష్‌ను సంఘము వెలివేసి, తరువాత చేర్చుకొన్నది. హొప్నర్ వెలివేయబడుటయే గాక చెరసాలలో కూడ ఉంచబడ్డాడు. నూరేండ్ల పండుగ నాటికి వారి మునిమనుమలు ఆ ఇద్దరికి రాతి స్తంభములు నిలిపారు. ముందు నడిచినవానిని బ్రతికియుండగా నిందించుట, పోయిన తరువాత స్తంభము నిలుపుట వలసవచ్చిన సంఘములలో చాల చోట్ల జరుగు పని.

3. నూరేండ్లు నిలిచిన గోడ

అయినను వారు పట్టుదలగల రైతులు. 1800లో పాల్ చక్రవర్తి వారి హక్కులను ఒక పత్రముగా వ్రాసి ఇచ్చాడు. 1804 నుండి మొలోచ్నా నది దగ్గర రెండవ పెద్ద కాపురము ఏర్పడింది. యోహాను కోర్నీస్ అను దక్షతగల మనుష్యుడు చెట్లు నాటించాడు, గొర్రెల జాతిని బాగుచేశాడు, పంట మార్పిడి నేర్పాడు, బడులను సరిదిద్దాడు. గడ్డి భూమి గోధుమ భూమియైనది. ఇటుక ఇండ్లు, గాలిమరలు, నాగళ్ల కర్మాగారములు లేచినవి.

ఉపాధ్యాయ శిక్షణ పొందినవారముగా మేము ఇక్కడ వారి భాషను గమనించుచున్నాము. ఇంటిలో మాటలాడునది ఒక రకపు పల్లె జర్మను. గుడిలో, బడిలో గ్రాంథిక జర్మను. రష్యను, యుక్రెయిన్ భాషలు మాత్రము కూలివానితో, సంతలో, కచేరీలో పని జరుగుటకు చాలినంత మట్టుకే. గ్రామములు వేరు, పాలన వేరు, బడి వేరు. పొరుగువాడు వారి పొలములో కూలివాడు, ఇంటిలో దాసి, అంతే. మూడు తరములు గడిచినను చాలమందికి ఆ దేశపు పుస్తకము చదువరాదు.

ఈ తప్పు వారిది మాత్రమే కాదు. రాజ్యము కూడ గోడను కోరింది. పొరుగువానికి సువార్త చెప్పరాదని చట్టము. ఆ చట్టము క్రింద నూరేండ్లు గడుపగా, చెప్పరాదన్నది చెప్పనక్కరలేదన్నట్లు మారిపోయింది. అయినను గోడకు కొన్ని సందులు పడ్డవి. జర్మను పల్లెలలోని ప్రార్థన గంటలకు వచ్చిన యుక్రెయిన్ రైతులు కొందరు మారుమనస్సు పొందారు. జర్మను భాషలో గంటకు "స్టుండె" అందురు గనుక వీరిని స్టుండిస్టులు అని పిలిచారు. 1867లో తిఫ్లిసు పట్టణములో నికీతా వొరోనిన్ అను రష్యనునికి అక్కడ స్థిరపడిన మార్టిన్ కాల్వైట్ అను జర్మను సహోదరుడు కురా నదిలో బాప్తిస్మమిచ్చాడు. రష్యా బాప్తిస్టులు తమ చరిత్రను ఆ రాత్రి నుండి లెక్కించుకొందురు.

4. భూమి లేనివారు

వారి కథలో మనము ఎక్కువసేపు ఆగవలసినది ఇక్కడ. ఒక్కొక్క కుటుంబమునకు 65 దెస్యాతీనులు, అనగా సుమారు 175 ఎకరములు ఇచ్చారు. అయితే దానిని ముక్కలు చేయరాదని నియమము. ఒక కుమారునికి పొలము, మిగిలినవారికి చేతులు మాత్రమే. 1860 నాటికి మొలోచ్నాలో సగమునకు పైగా కుటుంబములకు పొలము లేదు. పొలము లేనివానికి గ్రామసభలో ఓటు కూడ లేదు. గ్రామసభలో కూర్చున్న పెద్దలు, గుడిలో కూర్చున్న పెద్దలు చాలవరకు ఒకరే. మిగులు భూములను కౌలుకు తీసికొని లాభపడుచున్నవారు కూడ వారే. పొలము లేనివారు పైఅధికారులకు మొరపెట్టుకొనగా, 1866లో ప్రభుత్వమే కలుగజేసికొని పొలములు పంచుకొనుటకు, ఓటు ఇచ్చుటకు దారి చేసింది. సంఘము చేయవలసిన న్యాయమును సర్కారు చేసింది.

హింస తప్పించుకొని వచ్చినవారు, ప్రష్యాలో భూమి దొరకక వచ్చినవారు, మూడవ తరమున తమ సహోదరునికే భూమి లేకుండ చేశారు. మొదట వచ్చినవాడు యజమానుడు, తరువాత వచ్చినవాడు లేక తరువాత పుట్టినవాడు పాలేరు. సొంత విశ్వాసుల మధ్యనే ఇట్లయినప్పుడు రష్యను కూలివానిని గూర్చి చెప్పవలసినదేమి?

ఈ కలతల మధ్యనే 1860 జనవరిలో 18 మంది కుటుంబ పెద్దలు చేవ్రాలు చేసి వేరుపడ్డారు. పేరుకు విశ్వాసులుగా ఉండుట చాలదు, జీవితము మారవలెనని వారి వాదము. నదిలో ముంచి బాప్తిస్మమిచ్చుట మొదలుపెట్టారు. వీరే మెన్నోనైట్ బ్రెదరన్, మనము ఎం.బి. వారందుము. పాత సంఘపు పెద్దలు వారిని అధికారులకు పట్టిచ్చి, వలసదారుల హక్కులు తీసివేయించ జూచారు. వారు తట్టుకొని నిలిచారు. జర్మను బాప్తిస్టులతో సహవాసము ఏర్పడింది. హాంబర్గు నుండి ఓంకెన్ దొరగారు 1869లో వారిని దర్శించారు.

5. ఒక కాగితమును ఇంకొక కాగితము కొట్టివేసింది

1871లో రష్యా ప్రభుత్వము వలసదారులకు ప్రత్యేక స్థానము తీసివేసింది. 1874లో అందరికి సైనిక సేవ అను చట్టము వచ్చింది. శాశ్వతమని వ్రాసిన మాట నూరేండ్లు నిండకుండ ముగిసింది. దేశములోని మిగిలిన రైతులకు లేని హక్కు వీరికి మాత్రము ఎందుకని అధికారులు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకు పెద్దలు రాజధానికి పోగా, ఇన్నేండ్లుండి రష్యను సరిగా మాటలాడలేరా అని వారికి ఎదురైన నింద ఆ జనుల చరిత్రలో చాలసార్లు చెప్పబడుచున్నది.

సుమారు 18 వేలమంది, అనగా మూడింట ఒక వంతు, 1874 మొదలు కొద్ది సంవత్సరములలో అమెరికాకు, కెనడాకు పోయారు. మిగిలినవారికి తుపాకికి బదులు అడవులలో చెట్లు పెంచు సేవ అనుమతింపబడింది. బడులలోనికి రష్యను భాష వచ్చింది. మొదట ఏడ్చినవారే తరువాత తమ పిల్లలు రష్యనులో చదివి వైద్యులు, ఉపాధ్యాయులు అగుట చూచి సంతోషించారు.

6. నల్గొండకు

ఇప్పుడు మన ఇంటికి వచ్చుచున్నాము. మొలోచ్నా, చోర్తిత్సాలలోని ఎం.బి. సంఘములకు సువార్త ఆసక్తి ఎక్కువ, కాని పొరుగువానికి చెప్పుటకు చట్టము అడ్డము. అట్టి సమయమున ఏబ్రహాము ఫ్రీసెన్ అను యౌవనస్థుడు హాంబర్గు బాప్తిస్టు సెమినరీలో చదివి, తెలుగు దేశములో అమెరికను బాప్తిస్టు మిషను చేయుచున్న పనిని తెలిసికొన్నాడు. ఒంగోలు ప్రాంతములో 1878లో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన వార్త అప్పటికి దేశదేశములకు పాకియున్నది. ఫ్రీసెన్ దొరగారు, మరియ దొరసానిగారు 1889లో బయలుదేరి, నైజాము రాజ్యములోని నల్గొండలో స్థిరపడ్డారు. మిషను అమెరికా బాప్తిస్టులది, ఖర్చుకు రూబుళ్లు రష్యా పల్లెల నుండి. గోధుమ అమ్మిన సొమ్ములో భాగము నల్గొండ చేరింది. వారి వెనుక హ్యూబర్ట్, ఉన్రూ మొదలైనవారు వచ్చారు. సూర్యాపేట, జనగామ పనులు వారి చేతులమీదుగా జరిగినవి.

ఇందులోని విశేషమును గమనించండి. నూరేండ్లు పొరుగున ఉన్న రైతు భాషను గుడిలో ఒక్కసారియైన పలుకని జనులు, వేల మైళ్లు దాటివచ్చి మాల మాదిగ పల్లెలలో తెలుగు నేర్చుకొని ప్రార్థించారు. అక్కడ కూలివానిగా మాత్రమే చూచిన పేదవానిని ఇక్కడ సహోదరుడని పిలిచారు. రష్యాలో లేని అనుమతి ఇక్కడ దొరికినందున అట్లు జరిగిందనుట నిజమే. కాని మనస్సు కూడ కావలెను. భాష నేర్వవలెనను మనస్సు ఉన్నచోట గోడ నిలువదు.

అమెరికాకు పోయిన శాఖవారు కూడ ఊరకుండలేదు. వారి సంఘము పంపగా ఎన్.ఎన్. హీబర్ట్ దొరగారు 1899లో హైదరాబాదు వచ్చారు. 1937లో బాప్తిస్టు మిషను తన మహబూబ్‌నగర్, గద్వాల పనులను అమెరికా ఎం.బి. మిషనుకు అప్పగించింది. ఆలాగు ఒకే గడ్డి నేల నుండి రెండు దారుల వచ్చినవారు తెలంగాణలో ప్రక్క ప్రక్క జిల్లాలలో పనిచేశారు.

7. మిగిలినవారికి జరిగినది

1914లో యుద్ధము రాగానే జర్మను మాటలాడువారు శత్రువుల బంధువులుగా ఎంచబడ్డారు. 1915లో వారి భూములు లాగివేయుటకు చట్టములు వచ్చినవి. నల్గొండకు రష్యా నుండి వచ్చు కానుకలు ఆగిపోయినవి. విప్లవము తరువాత జరిగిన అంతర్యుద్ధములో, 1919లో, మఖ్నో సైన్యము ఆ పల్లెలమీద పడి అనేకులను చంపింది. దాడికి వచ్చినవారిలో నిన్నటిదాక ఆ పొలములలో కూలి చేసినవారు కూడ ఉన్నారు. హత్యను మేము ఏ విధముగాను సమర్థించుటలేదు. నూరేండ్ల గోడకు అవతల ఏమి పెరుగుచున్నదో ఇవతలివారికి తెలియలేదని మాత్రము చెప్పుచున్నాము.

1921, 22లలో గొప్ప కరువు వచ్చింది. అమెరికాలోని బంధువుల సంఘములు 1920లో కూడి ఏర్పరచుకొన్న సహాయ సంఘము పంపిన రొట్టెతో అనేకులు బ్రతికారు. 1923 నుండి సుమారు 20 వేలమంది కెనడా చేరారు. 1929లో వేలమంది మాస్కో శివారులలో చేరి, మమ్మును పోనియ్యండని వేడుకొన్నారు. కొన్ని వేలమందికి మాత్రమే దారి దొరికింది, మిగిలినవారిని రైళ్లలో వెనుకకు, కొందరిని సైబీరియాకు పంపారు. 1941 ఆగస్టులో వోల్గా జర్మనులందరిని కజకిస్తాను, సైబీరియాలకు తరలించారు. 1955 చివరిదాక వారు అధికారి అనుమతి లేక ఊరు దాటరాదు. 1980ల చివర తలుపు తెరువగా, తరువాతి సంవత్సరములలో 20 లక్షలకు పైగా జనులు జర్మనీకి తిరిగిపోయారు. రష్యాలో వారిని జర్మనులన్నారు. జర్మనీ చేరిన పిల్లలకు రష్యనే వచ్చును గనుక అక్కడ వారిని రష్యనులన్నారు.

పని వెదకుకొని పోయినవారు కూడ ఉన్నారు. 1930ల మొదటిలో అమెరికా, కెనడాలలోని ఫిన్లాండు జాతివారు సుమారు 6 వేలమంది, ఉద్యోగములు లేని కాలమున, రష్యాలోని కరేలియాకు పోయారు. పనిముట్లు, కార్లు కూడ తీసికొనిపోయి ఇచ్చారు. కొందరు త్వరగా తిరిగివచ్చారు. అక్కడి పౌరసత్వము పుచ్చుకొన్నవారికి తిరుగుదారి మూసికొనిపోయింది. 1937, 38లలో వారిలో అనేకులు పట్టబడి చంపబడ్డారు.

8. నేటి పిలుపు

ఇది పాతకాలపు మాట అనుకొనరాదు. 2024 ఆగస్టులో రష్యా అధ్యక్షుడు మరియొక పిలుపు పంపాడు. తమ దేశముల పోకడ నచ్చక, సంప్రదాయ విలువలను కోరు పడమటివారు రష్యాలో తాత్కాలిక నివాసమునకు దరఖాస్తు చేసికొనవచ్చును, రష్యను భాషలోను, చరిత్రలోను పరీక్ష అవసరము లేదు అని అందులో ఉన్నది. కొన్ని కుటుంబములు పోయినవి. పోయినవారికి ఎదురగు వాస్తవములు వేరు. 2022 మార్చి నుండి పడమటి దేశములలో ఇచ్చిన వీసా, మాస్టర్ కార్డులు అక్కడ పనిచేయవు. బ్యాంకులో, ఆసుపత్రిలో, కచేరీలో అన్నియు రష్యనులోనే. తండ్రికి భాష పరీక్ష లేదు, కాని 2025 ఏప్రిల్ నుండి పరదేశి బిడ్డ బడిలో చేరవలెనన్న రష్యను పరీక్ష గెలువవలెను. విశ్వాసము కొరకు పోవువారు తెలిసికొనవలసినది ఇంకొకటి కలదు. 2016 చట్టము ప్రకారము గుడి బయట సువార్త చెప్పుటమీద గట్టి ఆంక్షలున్నవి, బాప్తిస్టులు అనేకులు జుర్మానా కట్టారు. 1763 నాటి నిషేధము వేరొక వస్త్రము వేసికొని వచ్చినట్లున్నది.

మన యౌవనస్థులకు కూడ ఆ దేశము నుండి పిలుపు వచ్చింది. సహాయకుల పని, మంచి జీతము అని ఏజెంట్లు చెప్పగా పోయిన భారతీయులు కొందరు, తమకు చదువరాని రష్యను కాగితముమీద చేవ్రాలు చేసి, యుద్ధభూమిలో తేలారు. 2024 మార్చిలో సి.బి.ఐ. దీనిమీద కేసు పెట్టింది. చనిపోయినవారిలో హైదరాబాదు యువకుడు ఒకడున్నాడు. కాబట్టి మన సంఘములలోని తలిదండ్రులు ఏ దేశపు కాగితమైనను, అందులో ఏమున్నదో నమ్మదగినవారిచేత మన భాషలో చదివించుకొనక చేవ్రాలు చేయనియ్యరాదు.

9. బళేపేటలోని మనకు

కన్నడములో బళె అనగా గాజు. గాజులవారి పేట గనుక ఇది బళేపేట. ఇక్కడ తబలాల అంగడిలో ఒక భాష, ఎదుటి అంగడిలో ఒక భాష, కొనువాని నోట మూడవ భాష. తెలుగు ఈ పేటలలో తరతరములుగా ఉన్నది. ఆ కారణముచేతనే మనకు ఒక సౌకర్యమున్నది, అదే సౌకర్యములో ఒక అపాయమున్నది. తెలుగుతోనే బజారు పని జరిగిపోవును, తెలుగులోనే ఆరాధన జరిగిపోవును. ఇట్లు నలువది ఏండ్లు ఈ పట్టణములో ఉండి, ప్రక్క ఇంటి కన్నడ తల్లి కష్టమును అడిగి తెలిసికొనలేనివారు మనలో లేరా?

మనకు ఏ రాణియు హక్కు పత్రము ఇవ్వలేదు. అది మంచిదే. పౌరులుగా అందరికి ఉన్న హక్కే మనదియు. కాని పత్రము కాపాడని చోట పొరుగువాని స్నేహము కాపాడును. 2015 చట్టము వలన మన పిల్లలు బడిలో కన్నడము నేర్చుకొనుచున్నారు. పెద్దలకు కూడ అది కష్టము కాదు. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెండ్రు. క, త, శ వంటి కొద్ది అక్షరములు వేరుగా కనబడును, మిగిలినవి పోలికతోనే గుర్తుపట్టవచ్చును. రోజుకు పది నిమిషములు బస్సు బోర్డులు, అంగళ్ల పేర్లు చదివినచో రెండు నెలలలో చదువు వచ్చును. మాట దాని వెనుక వచ్చును. తెలుగు విడువుమని మేము చెప్పుటలేదు. ఇంటిలో తెలుగు, గుడిలో తెలుగు ఉండవలసినదే. రెండవ భాష నేర్చినవాడు మొదటి భాషను పోగొట్టుకొనడు.

రెండవది ఇంకను ముఖ్యమైనది. ఈ పట్టణపు క్రొత్త కట్టడములలో ఇటుకలు మోయువారిలో అనేకులు పాలమూరు నుండి, అనగా మహబూబ్‌నగర్ జిల్లా నుండి, రాయలసీమ నుండి వచ్చినవారు. ఫ్రీసెన్ దొరగారి జనులు నాటిన సంఘముల బిడ్డలు వారిలో ఉన్నారు. వారు ఆదివారము మన గుడికి వచ్చినప్పుడు ఎక్కడ కూర్చుందురు? వెనుక బల్లమీదనా, గడపలోనా? పని ముగియగానే ఇంకొక చోటికి పోవుదురు గనుక సభ్యత్వ పత్రము లేదని, నెల చందా కట్టలేదని, సంఘ కూటములో వారి మాటకు చోటు లేకపోవచ్చును. మొలోచ్నాలో పొలము లేనివానికి ఓటు లేదన్న నియమము కూడ వినుటకు న్యాయముగానే ఉండెను. అక్కడి పెద్దలు చెడ్డవారు కారు, నియమము పాటించినవారు. నియమము పాటించుచునే సహోదరుని పోగొట్టుకొన్నారు.

కాబట్టి పెద్దలు ఈ మూడు పనులను ఆలోచింప కోరుచున్నాము. పత్రము లేక వచ్చినవారికి వారి ఊరి పాస్టరుగారి వద్ద నుండి ఉత్తరము తెప్పించు బాధ్యతను మన కార్యదర్శులే వహించుట. ఉత్తరము వచ్చుదాక వారిని అతిథులుగా కాక కుటుంబముగా ఎంచుట. వారి పిల్లలు ఒక కట్టడము నుండి ఇంకొక కట్టడమునకు మారునప్పుడు బడి ఆగిపోకుండ దగ్గరి సర్కారు బడిలో చేర్పించుట. చోర్తిత్సాలో దిగినవారికి పాత సంఘము ఉత్తరము పంపి బోధకులను ఇచ్చింది. ఉత్తరము ఆ పని చేయగలదు, చేతులు పెట్టువారు ఉన్నచో.

కూటములో చర్చించుటకు ప్రశ్నలు

1. కేథరిన్ రాణి వాగ్దానములలో ఏవి నిలిచినవి, ఏవి నిలువలేదు? నిలువకపోవుటకు కారణములేమి?

2. హొప్నర్, బార్ట్ష్ అనువారిని జనులు ఎందుకు నిందించారు? మన సంఘమును మొదట ఏర్పరచినవారిని మనము ఎట్లు జ్ఞాపకము చేసికొనుచున్నాము?

3. రష్యాలో గోడ కట్టుకొన్నవారే నల్గొండలో గోడ దాటుటకు ఏమి తోడ్పడింది?

4. మన వీధిలో కన్నడము, తమిళము, ఉర్దూ మాటలాడు పొరుగువారిలో ఎందరి పేర్లు మనకు తెలియును?

5. గత సంవత్సరము మన గుడికి క్రొత్తగా వచ్చిన కూలి కుటుంబములు ఎన్ని? ఇప్పుడు అవి ఎక్కడ ఉన్నవి? తెలియనిచో, తెలిసికొనువారు ఎవరు?

అయిదవ ప్రశ్నకు జవాబును వచ్చే నెల కూటమునకు పేర్లతో వ్రాసి తీసికొనిరండి. ప్రభువు మీ ఇండ్లను, మీరుండు పట్టణమును దీవించును గాక.